ఫోన్ డ్యూటీ

హెప్సిబా గొంతు ఒక్కరోజులో పోలేదు. గడప అరిగినట్టు మెల్లగా అరుగుతూ వచ్చింది. కాజీపేటలో వాళ్ళ రైల్వే క్వార్టరులో వంటింటికీ పడకగదికీ నడుమ ఒక మూల ఉంది. అక్కడ ఒక కుర్చీ, ఒక లాప్‌టాప్, వెనక గోడ పెచ్చులు కనబడకుండా వేలాడదీసిన నీలం దుప్పటి. ఆమె బడి అదే. వానలు మొదలైనప్పటి నుంచీ ఆ కుర్చీలో కూచుని, రేపు టీచర్లు కాబోయే ఆడపిల్లలకు కంప్యూటరు ప్రోగ్రాములు రాయడంలో ఓనమాలు చెబుతోంది. చెబుతోందన్నది నిజం. వాళ్ళు వింటున్నారా లేదా అన్నది దేవుడికే ఎరుక.

కాలేజీ హసన్‌పర్తిలో ఉంది. డి.ఎడ్. కాలేజీ, అంటే చిన్న తరగతులకు టీచరు కావాలంటే చదవాల్సిన చదువు అక్కడ చెబుతారు. అయిదో తరగతి లోపు పిల్లలకు కూడా కోడింగు రుచి చూపించాలని హైదరాబాదులో ఎవరో పెద్దమనుషులకు తోచింది. తోచినవాళ్ళు ఊరుకుంటారా, ఒక సంస్థ పెట్టారు. సంస్థ ఒక కోర్సు పెట్టింది, కోర్సుకు ఒక పరీక్ష పెట్టింది. అన్నీ పెట్టాక, చెప్పడానికి ఒక మనిషి కూడా కావాలి కదా అని గుర్తొచ్చి, డిగ్రీ కాలేజీలో ఏళ్ళ తరబడి కంప్యూటర్లు చెప్పి, ఆ కాలేజీ మూతబడి ఇంట్లో కూచున్న హెప్సిబాను పట్టుకుంది.

క్లాసు పొద్దున పదకొండింటికి. తెర మీద వరసగా నల్ల గళ్ళు, గడికొక పేరు. దీప్తి, రమ, వినోద, విజయశ్రీ, ఇంకా ఎందరో. ముఖాలు మాత్రం ఉండవు. కెమెరా పెట్టండమ్మా అంటే డాటా అయిపోతది మేడం అని రాసేవారు. మైకు తీసి ఒక్కరైనా మాట్లాడండమ్మా అంటే సిగ్నల్ లేదు మేడం అని రాసేవారు. రాయడానికి ఉన్న సిగ్నల్ మాట్లాడటానికి ఎందుకుండదో ఆమెకు అంతుబట్టలేదు. అర్థమైందా అని అడిగితే మాత్రం, ఆ గడిలో ఒకటి ఈ గడిలో ఒకటి బొటనవేలు బొమ్మలు లేచేవి, తొలకరికి పుట్టగొడుగులు లేచినట్టు. ఎంత కష్టమైన పాఠం చెప్పినా అందరి వేళ్ళూ లేచేవి. అంత తెలివైన క్లాసు లోకంలో ఉండదని, ఉంటే అందులో ఏదో తిరకాసు ఉంటుందని, ఆమెకు అనుమానం రావలసిందే. వచ్చింది కూడా. కానీ అనుమానం తీర్చుకోవడానికి ఓపిక కావాలి.

సాయంత్రం భర్త బెన్నీ పార్శిల్ ఆఫీసు నుంచి వచ్చి, ఉప్పునీళ్ళు వేడిచేసి ఇచ్చేవాడు.

"జర పుక్కిలించు. మాట్లాడకు."

"గోడకు చెప్పినా ఇంతకన్న నయముంటది బెన్నీ. గోడైతే మళ్ళ నా మాట నాకే వినిపిస్తది."

"మరి మానేయరాదు?"

"ఈ బ్యాచ్ గట్టెక్కనీ. తర్వాత దండం పెడత."

గట్టెక్కడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. సోమవారం నాడు సంస్థ నుంచి ఒక పరీక్షాధికారి వస్తాడు. క్లాసులో కూచుని, హెప్సిబా ప్రశ్నలడుగుతుంటే పిల్లలు చెప్పే జవాబులు వింటాడు. ఆయన పాసని రాస్తే పాసు. కాదని రాస్తే ఈ పేపరు ఆగిపోతుంది. పేపరు ఆగితే సర్టిఫికెట్ ఆగుతుంది. సర్టిఫికెట్ లేకపోతే ఈసారి టీచరు ఉద్యోగాల పరీక్షకు కూచోనివ్వరు. మళ్ళీ ఆ పరీక్ష ఎప్పుడు పెడతారో పెట్టేవాళ్ళకే తెలియదు. ఆ పిల్లల బతుకంతా ఆ ఒక్క వాకిలి ముందు నిలబడి ఉంది.

అందుకని శుక్రవారం నాడు, ఒక్కసారైనా ముఖాముఖి చూసి తప్పొప్పులు దిద్దుదామని, హెప్సిబా హనుమకొండ చౌరస్తాలో బస్సు మారి హసన్‌పర్తి వెళ్ళింది. గదిలోకి అడుగు పెట్టగానే పిల్లలందరూ లేచి "గుడ్ మార్నింగ్ మేడం" అని రాగం తీశారు, ఒకటో తరగతి పిల్లలు తీసినట్టే. చిన్నపిల్లలకు చెప్పీ చెప్పీ వీళ్ళకూ ఆ రాగం పట్టుకుంది. నల్ల గళ్ళకు ఇన్నాళ్ళకు ముఖాలొచ్చాయి. దీప్తి అంటే సన్నగా, కళ్ళద్దాలతో, కూచున్నచోట ఇంకా చిన్నదైపోయే పిల్ల. రమది కొత్తవాడ. తండ్రి జంపుఖానాలు నేస్తాడు. ఆ మగ్గాల చప్పుడు మీదుగా మాట్లాడటం అలవాటై, మెల్లగా అన్నా గదంతా వినబడుతుంది. హెప్సిబాకు సంతోషం వేసింది. ఇంతమంది నిజంగా ఉన్నారన్నమాట అనుకుంది.

"దీప్తీ, లూప్ అంటే ఏంది చెప్పమ్మా."

దీప్తి నిలబడింది. వెనక్కు తిరిగి రమ వైపు చూసింది.

"ఆమెనెందుకు చూస్తవ్? నిన్ను అడిగిన."

"అది రమ క్లాసు మేడం," అంది దీప్తి.

"రమ క్లాసేంది? క్లాసు నాది కదా."

"లూపులు రమవి మేడం. నాది ఇన్‌పుట్. ఇఫ్ ఏమో వినోదది."

అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు పాఠాలు పంచుకున్నారు. హెప్సిబా మేజా అంచు పట్టుకుని కూచుని, అసలు సంగతి చెప్పమంది. చివరికి రమే లేచింది.

"మేడం, మేము పొద్దుగాల పల్లెలల్ల బళ్ళకు పోతం. ప్రాక్టీసు. ఒక్కొక్క బడికి ఒక్కడే సారు. ఆ సారును గూడ సర్వే అని, మీటింగని పిలుస్తాన్రు. మేం పోకపోతె ఆ పిల్లలకు చెప్పేటోళ్ళు లేరు. మీ క్లాసేమో గదే టైముకు. ఇగ అందరం ఫోన్లు ఈడ పెట్టిపోతం. రోజుకొకరు ఫోన్ డ్యూటీ. ఇయ్యాల మీరొస్తాన్రని ఆగినం."

ఫోన్ డ్యూటీ అంటే ఏమిటో వాళ్ళు చూపించారు కూడా. గది మూల ఒక పొడుగాటి బెంచీ. దాని మీద వరసగా ఫోన్లు, కింద నుంచి చార్జింగు తీగలు. ఆ రోజు వంతు వచ్చిన పిల్ల ముందు కూచుని పాఠం వినాలి. మేడం "అర్థమైందా" అనగానే లేచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కో ఫోనూ నొక్కుకుంటూ పోవాలి. కెమెరా అంటే డాటా లేదనాలి, మైకు అంటే సిగ్నల్ లేదనాలి. మొదట్లో, సాయంత్రం అందరూ తిరిగొచ్చాక, డ్యూటీ పిల్ల ఆ పాఠం మిగతా వాళ్ళకు చెప్పాలని అనుకున్నారట. తీరా పల్లెల నుంచి వచ్చేసరికే చీకటి పడుతుండటం, వచ్చాక రికార్డులు, చార్టులు రాసుకోవలసి రావడంతో అది సాగలేదట. అట్లా ఎవరి డ్యూటీ నాటి పాఠం వాళ్ళకు కంఠతా వచ్చు. మిగతావేవీ రావు. అందరి దగ్గరా కలిపితే కోర్సు మొత్తం ఉంది. ఒక్కరి దగ్గరా లేదు.

అంటే ఇన్నాళ్ళూ తను గొంతు చించుకున్నది రోజుకు ఒక్క పిల్ల కోసం. ఆ లెక్క మనసులోకి దిగగానే హెప్సిబాకు ఏడుపు ముంచుకొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. లేచి నేరుగా ప్రిన్సిపాలు గదికి వెళ్ళింది.

ప్రిన్సిపాలు పండరి సారు ఎవరినీ నొప్పించని మనిషి. అలాంటివాళ్ళ కింద పనిచేసే వాళ్ళకే నొప్పంతా. ఆమెను చూడగానే ఆయన కుర్చీలో సర్దుకున్నాడు.

"మీకు చెప్దామనే అనుకున్న మేడం. ఊకె ఫికర్ జేస్తరని చెప్పలే."

"ఆ టైముకు వాళ్ళు ఊర్లల్ల ఉంటరని మీకు తెలుసు. క్లాసు టైము మార్పియ్యచ్చు కదా సార్?"

"బడికి పంపాలని ఒక ఆర్డరు. పదకొండుకు ఆన్‌లైన్ల ఉండాలని ఒక ఆర్డరు. రెండూ పైనుంచే వచ్చినయ్. ఏది కాదనాలె నేను?" అని ఆయన చేతులు చాపాడు. "రెండూ అమలు జేసిన. ఫోన్లు ఆన్‌లైన్ల ఉన్నయ్, పిల్లలు బడిల ఉన్నరు."

ఆయన ముఖంలో వెటకారం లేదు. నిజంగానే తను తప్పేమీ చేయలేదని ఆయన నమ్మకం. అట్లాంటి మనిషితో దెబ్బలాడటానికి కూడా సత్తువ కావాలి. హెప్సిబా దగ్గర అది అడుగంటింది. ఆమె మళ్ళీ గదిలోకి వచ్చి కూచుంది.

సంస్థకు ఉన్నదున్నట్టు రాస్తే ఈ పిల్లలు మునుగుతారు. రాయకపోతే సోమవారం వచ్చే ఆయన ముందు ఎలాగూ మునుగుతారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అనలేదు. ఆమె అలా తల పట్టుకుని కూచోవడం చూసి, రమ మెల్లగా దగ్గరికొచ్చింది.

"మేడం, ఒక ఉపాయమున్నది. సోమవారం అడిగేది మీరే కదా. మీరు ఏ పాఠం అడిగినా అందరం చెయ్యి లేపుతం. ఆ పాఠం వచ్చినోళ్ళు కుడి చెయ్యి, రానోళ్ళు ఎడమ చెయ్యి. మీరు కుడి చెయ్యి చూసుకొని లేపుండ్రి."

ఈ విద్య కొత్తదేమీ కాదు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే బళ్ళలో అన్నిటికన్నా ముందు నేర్పే పాఠం ఇదే. చూసేవాడికి క్లాసంతా చేతులే కనబడతాయి, అడిగేవాడికి ఏ చెయ్యో తెలుస్తుంది. హెప్సిబా చిన్నప్పుడు మిషను బడిలో తను కూడా ఎన్నిసార్లు ఎడమ చెయ్యి ఎత్తిందో. బళ్ళ నుంచి వచ్చిన పిల్లలు మళ్ళీ బళ్ళకే టీచర్లుగా పోతుంటే, ఆ విద్య మాత్రం ఎక్కడికి పోతుంది?

వద్దని చెప్పాలని ఆమె నోరు తెరిచింది. వద్దంటే మరి ఏం చేయాలో కూడా చెప్పాలి. రెండు రోజుల్లో కోర్సంతా చెప్పడం కుదరదు, ఆదివారం వీళ్ళు ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోతారు. గొంతు కూడా సగమే ఉంది.

"సరే," అంది. అన్నాక సిగ్గేసింది. సిగ్గు కన్నా ముందు హాయి అనిపించింది. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి, ఆ హాయి గురించే బాధపడుతూ కళ్ళు మూసుకుంది.

ఆదివారం చర్చిలో అందరూ పాట పాడుతుంటే ఆమెకు గొంతు లేవలేదు. పెదాలు మాత్రం కదిపింది. పక్కనున్న బెన్నీకి కూడా తేడా తెలియలేదు. ఎంత తేలిక ఈ పని అనిపించి భయమేసింది.

సోమవారం వచ్చిన పరీక్షాధికారి పేరు బాలకిషన్. జన్మంతా పల్లె బళ్ళలో చెప్పి, రిటైరయ్యాక సంస్థ వాళ్ళు పిలిస్తే ఇలా కాలేజీలు తిరుగుతున్న పెద్దాయన. అప్పటికే ఒక కాలేజీ చూసి వచ్చాడు, ఇంకొకటి చూడాలి. చెమట తుడుచుకుని వెనక బెంచీలో కూచుని, "కానీయుండ్రి మేడం" అని కళ్ళు సగం మూశాడు. పండరి సారు తలుపు దగ్గర నిలబడి చేతులు నలుపుకున్నాడు.

హెప్సిబా వేరియబుల్ అంటే ఏమిటని అడిగింది. చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. వాటిలో ఒక్క కుడి చెయ్యి విజయశ్రీది. విజయశ్రీ లేచి, అది పేరు రాసిపెట్టిన డబ్బా లాంటిదని, డబ్బాలో వస్తువు మార్చినా పేరు మారదని గడగడా చెప్పింది. అచ్చంగా హెప్సిబా మాటలే, హెప్సిబా ఆగినచోటే ఆగుతూ. తర్వాత లూపులు. రమ లేచి, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం ఎట్లాగో చెప్పి, బోర్డు మీద రాసి కూడా చూపించింది. తర్వాత ఇన్‌పుట్. దీప్తి లేచి తప్పు లేకుండా చెప్పింది.

వెన్నలో కత్తి దిగినట్టు సాగుతోంది పరీక్ష. బాలకిషన్ తల ఆడిస్తున్నాడు. ఒక్కో జవాబుకూ హెప్సిబా మాత్రం లోపల ఒక్కో మెట్టు దిగిపోతోంది. వీళ్ళు మూర్ఖులు కారు, మొద్దులు కారు. విన్న ఒక్క పాఠాన్నీ ఇంత బాగా పట్టుకున్నవాళ్ళు, అన్నీ వింటే ఎట్లా ఉండేవాళ్ళో. ఆ సంగతి ఇక ఎప్పటికీ తెలియదని ఆమెకు దిగులేసింది.

"ఇఫ్ గురించి ఎవరు చెప్తరు?" అంది. ఫలానాది అయితేనే ఫలానా పని చెయ్యమని కంప్యూటరుకు షరతు పెట్టే పాఠం. ఇదొక్కటీ అయితే అయిపోయినట్టే. చేతులు లేచాయి. కుడి చెయ్యి వినోదది. ఆమె "విన..." అనేలోపు వెనక నుంచి బాలకిషన్ లేచాడు.

"ఆగుండ్రి మేడం. ఒక్కటన్న నేను అడగకపోతె వచ్చినందుకు బాగుండదు. ఆ కళ్ళద్దాల బిడ్డ, నువ్వు చెప్పమ్మా. ఒకటో తరగతి పిల్లకు చెప్పినట్టు చెప్పు."

దీప్తి నిలబడింది. హెప్సిబా ఏదో ఒకటి చెప్పి మాట మళ్ళించాలనుకుంది గానీ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"తెల్వదు సార్," అంది దీప్తి.

"తెల్వదా? మరి చెయ్యెందుకు లేపినవ్?"

దీప్తి రమ వైపు చూడలేదు, హెప్సిబా వైపు చూడలేదు. నేల చూపులు చూస్తూ, అడిగిన దానికి ఉన్న జవాబే చెప్పింది.

"నేను ఎడమ చెయ్యి లేపిన సార్."

భయానికి మిగతా వాళ్ళ చేతులు గాల్లోనే ఉండిపోయాయి. బాలకిషన్ బెంచీల నడుమ నుంచి మెల్లగా నడుచుకుంటూ, ఒక్కో చెయ్యీ చూసుకుంటూ ముందుకు వచ్చాడు. అన్నీ ఎడమ చేతులే, ఒక్క వినోదది తప్ప. జన్మంతా బళ్ళలో గడిపిన మనిషికి అడగాల్సిన పని లేదు.

"ఈ విద్య నేను గూడ నేర్పిన," అన్నాడు చివరికి. "ఇన్‌స్పెక్టరు వస్తే చాలు, గిదే. చేతులు దించుండ్రి బిడ్డా, నొస్తయి." అని హెప్సిబా వైపు తిరిగాడు. "మీకు తెలుసా మేడం?"

తెలియదంటే సరిపోయేది. నేరమంతా పిల్లల మీదికి, పిల్లల మీద నుంచి పండరి సారు మీదికి పోయేది.

"శుక్రవారం తెలిసింది సార్. నేనే సరేనన్న," అంది హెప్సిబా. అంతటితో ఆపలేక ఫోన్ల బెంచీ, బొటనవేళ్ళు, పల్లె బళ్ళు, రెండు ఆర్డర్లు, అన్నీ చెప్పేసింది. సగం మాటలు గాలిలో కలిసిపోయాయి. మిగతా సగం ఆయన చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. పండరి సారు తలుపు దగ్గర నుంచి "ఆర్డరు సార్..." అని ఏదో అనబోయి, బాలకిషన్ చూసిన చూపుకు ఆగిపోయాడు.

పెద్దాయన ముందు బెంచీ అంచున కూలబడ్డాడు. ఆయనా అలిసే ఉన్నాడు.

"ఫెయిలని రాస్తే వీళ్ళ ఏడాది పోతది. పాసని రాస్తే, రేపు వీళ్ళ దగ్గర కూసునే పోరగాళ్ళది పోతది. ఏం రాయమంటరు?"

"ఇంకా ఏం రాయకుండ్రి సార్," అంది హెప్సిబా.

"ఈ వారమంతా ఈ సుట్టుపక్కల కాలేజీలే నాకు. శనివారం మళ్ళ వస్త. అప్పుడు చేతులు లేపుడు లేదు. ఒక్కొక్కరిని పిలిచి, ఒక్కొక్క ప్రోగ్రాం రాయిస్త. రాకపోతె రాదనే రాస్త. ఎట్ల నేర్పుతరో మీ ఇష్టం." ఆయన లేచి భుజాన సంచీ తగిలించుకున్నాడు. "పల్లె బళ్ళు మాత్రం బంద్ వెట్టకుండ్రి. సాయంత్రం చూసుకోండ్రి."

ఆయన వెళ్ళాక, ఆయన వెంటే పండరి సారు వెళ్ళాక, హెప్సిబా లెక్క వేసుకుంది. సాయంత్రం పిల్లలు వచ్చే వేళకు రోజూ రెండు బస్సులు మారి ఇక్కడికి రావాలి. ఉన్న ఈ కాస్త గొంతుతోనే కోర్సంతా మొదటి నుంచి చెప్పాలి. ఆ తలపుకే ఒళ్ళంతా బరువెక్కింది. తను నిజం ఒప్పుకోకుండా ఉండాల్సిందేమో అనిపించింది. పోనీ అంతా వదిలేసి బస్సెక్కితే పట్టుకునేవాళ్ళు ఎవరు అని కూడా అనిపించింది. ఎదురుగా ముఖాలన్నీ తననే చూస్తున్నాయి. దీప్తి ఇంకా నిలబడే ఉంది. తన వల్లనే అంతా మునిగిందని ఏడుస్తోంది.

"కూచో దీప్తీ. నువ్వేం తప్పు చేయలే," అంది హెప్సిబా. చాక్‌పీసు తీసుకుంది. "ఆగిన కాడ నుంచే మొదలువెడదాం. ఇఫ్. ఇది అర్థం కానోళ్ళు చేతులు ఎత్తుండ్రి."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏ చెయ్యి ఎత్తాలో తెలియక కొందరి చేతులు సగం లేచి ఆగిపోయాయి.

"ఏ చెయ్యయినా సరే," అంది.

దీప్తి ముందుగా ఎత్తింది, తర్వాత రమ, తర్వాత విజయశ్రీ, ఆ పైన మిగతా అందరూ. ఇఫ్ పాఠం నాడు ఫోన్ల ముందు కూచుని ఆ మాటలన్నీ కంఠతా పట్టిన వినోద కూడా, కాసేపు తల వంచుకుని ఆలోచించి, మెల్లగా చెయ్యి ఎత్తింది.